పద్నాలుగు టన్నుల బొమ్మ

చక్రాన్ని కనిపెట్టిన మహానుభావుడి పేరు చరిత్ర రాసిపెట్టుకోలేదు. చక్రాలు లెక్కపెట్టిన మహానుభావుడి పేరు మాత్రం సాలూరులో ఎవరినడిగినా చెబుతారు. జగన్నాధం. మెయిన్ రోడ్డులో లారీ స్పేర్ పార్టుల షాపు. ఎదురుపడిన బండికి చక్రాలెన్నో చూసుకోకుండా ఆయన దాన్ని పోనిచ్చిన దాఖలా యాభై మూడేళ్ళలో ఒక్కటి కూడా లేదు. పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చిన రోజున, పిల్ల ఎలా ఉందిరా అని తల్లి అడిగితే, "వాళ్ళ వీధి మొదట్లో పది టైర్ల బండి ఒకటి ఆగుంది. వెనక ఎడంపక్క లోపలి టైరు మార్చాలి" అని జవాబిచ్చాడు. ఆ పిల్లే ధనలక్ష్మి. ఇప్పుడు హైస్కూల్లో లెక్కల టీచరు. ఈ సంగతి ఆమె ఏ కోపమూ లేకుండా, ప్రతి బంధువుకూ ఒకసారి చొప్పున, పాతికేళ్ళుగా చెబుతూనే ఉంది.

సాలూరులో దీన్ని జబ్బు అనరు. లారీల ఊరు. ఇక్కడ మనిషిని ఇంటిపేరుతోను, బండిని టైర్లతోను పిలుస్తారు. ఆరు టైర్ల బండి, పది టైర్ల బండి, పన్నెండు టైర్ల బండి. అంతవరకే అయితే జగన్నాధం పదిమందిలో ఒకడుగా మిగిలిపోయేవాడు. ఆయన అలవాటు ఊరి పొలిమేర దాటి ప్రపంచ యుద్ధాల్లోకి ప్రవేశించడానికి కారణం ఒక క్యాలెండరు.

ఆ ఏడు ఎవరో పంచిపెట్టిన క్యాలెండరులో జనవరి నెల మీద మన సైన్యంవారి ట్యాంకు బొమ్మ వేశారు. పక్కకు ఆరు చక్రాలున్నాయి. అదే ట్యాంకు ఫొటో అంతకుముందు పేపర్లో పడినప్పుడు అయిదే ఉన్నాయి. పైగా మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఎడం ఎక్కువ ఉండాలి, బొమ్మలో లేదు. జగన్నాధం షాపు లెటర్‌హెడ్ మీద నాలుగు పేరాల ఉత్తరం రాసి, ముద్రించినవారికి రిజిస్టర్డు పోస్టులో పంపించాడు. జవాబు రాలేదు. మరుసటి ఏడాది క్యాలెండరులో జనవరి నెల మీద తామరపువ్వు వచ్చింది. శత్రువు వెనక్కి తగ్గాడని జగన్నాధం నిర్ధారించుకున్నాడు.

కాని తప్పు బొమ్మను తొలగించినంత మాత్రాన సరైన బొమ్మ పుట్టదు గదా. అది తానే పుట్టించాడు. నూనె డబ్బా రేకు, గొడుగు పుల్లలు, గడియారం మరలు, స్కూటరు కేబులు తీగలు, టంకం. నిజం ట్యాంకుకు సరిగ్గా ముప్పై అయిదో వంతు. ఈ వ్యసనం ఉన్నవాళ్ళు ప్రపంచమంతటా ఎక్కువమంది వాడే కొలత అదేనని ఇంటర్నెట్టు సెంటరులో చదివాడు. 2011 నాటికి షాపు అద్దాల బీరువాలో క్లచ్ ప్లేట్లకూ బ్రేక్ లైనర్లకూ మధ్య పంతొమ్మిది ట్యాంకులు నిలబడి ఉన్నాయి. ఒడిశా నుంచి వచ్చిన డ్రైవర్లు వాటిని చూసి, ఇది ఏ బండి పార్టు అని అడిగేవారు.

ఆయన శాస్త్రానికి ఒకటే సూత్రం. చూసినవాడైనా చెప్పాలి, ఫొటో అయినా చెప్పాలి. 'నాకలా అనిపించింది' అన్న మాటకు ఆ షాపులో ప్రవేశం లేదు. పంతొమ్మిదింటికీ ఫొటోలే చెప్పాయి. చూసినవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు. ఆ లోటు ఆయన్ని తినేస్తూ ఉండగా, ఫ్యాన్ బెల్టు కోసం వచ్చిన ఒక లారీ డ్రైవరు ఆ బీరువా వైపు చూసి, "మా నెల్లిమర్లలో ఒక ముసలాయనున్నాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో ట్యాంకుతో నది దాటినానంటాడు. నీళ్ళల తేలిందంట" అని నవ్వాడు.

జగన్నాధం నవ్వలేదు. నీళ్ళలో తేలే ట్యాంకు ఉంది. రష్యావాళ్ళది. పద్నాలుగు టన్నులు. పక్కకు ఆరు చక్రాలు. ఆ యుద్ధంలో బెంగాలు వైపు మనవాళ్ళు వాడారు. ఫ్యాన్ బెల్టుకు డబ్బు తీసుకోవడం కూడా మరిచిపోయి, మర్నాడే విజయనగరం బస్సెక్కాడు.

ఆ ముసలాయన పేరు గంగులు. సైన్యం నుంచి వచ్చాక నెల్లిమర్ల జూట్ మిల్లులో వాచ్‌మన్‌గా చేసి, అది కూడా విరమించి, మిల్లు వెనక పేటలో భార్య కూర్మమ్మతో ఉంటున్నాడు. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాక జగన్నాధం ఒక పొడుగాటి నోటుబుక్కు తీశాడు. అందులో నలభై ఒక్క ప్రశ్నలున్నాయి.

"ఫిరంగి గొట్టం మూతి దగ్గర చీలికలుంటాయి కదండి. అవి రెండా, ఎక్కువా?"

"ఆ మూతిని అవతలోడు సూడాల బాబూ. నేను దాని కింద కూకునేవోణ్ణి."

జగన్నాధం ఆ ప్రశ్న ఎదురుగా గీత గీశాడు. "పోనీ, చక్రాలు?"

"పన్నెండు. పక్కకి ఆరేసి."

జగన్నాధం కుర్చీలో ముందుకు జరిగాడు. "లెక్కపెట్టారా?"

"బురద కడిగినోణ్ణి నేనే కదా. పూటకి పన్నెండుసార్లు నడుం ఒంచాల. మర్చిపోతానేటి?"

ఆ క్షణాన సాలూరు చరిత్రకారుడికీ నెల్లిమర్ల చరిత్రకూ మధ్య నమ్మకం కుదిరింది. అక్కడి నుంచి ప్రశ్నలు గబగబా సాగాయి. డ్రైవరు మూత ఎటు తెరుచుకునేది, లాగుడు తాడు ఎటు చుట్టి ఉండేది, ముందుపలక నీళ్ళలోకి దిగకముందు ఎత్తేవారా, దిగాక ఎత్తేవారా. దిగకముందేనని గంగులు చెప్పాడు. ఎత్తకపోతే నీరు మొహం మీదికి వచ్చేస్తాదన్నాడు. కీళ్ళలోకి నీరు రాకుండా గ్రీజు కూరేవాళ్ళమన్నాడు.

అంతవరకు గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న కూర్మమ్మ అప్పుడు తలెత్తింది.

"ఆయన ఏటైనా సెప్తాడు నాయనా. నువ్వు రాసుకోకు. ఇనప బండి తేలిందంటే నువ్వు నమ్ముతన్నావేటి?"

"తేలుతుందమ్మా. పుస్తకాల్లో ఉంది."

"పుస్తకాలు తేల్తాయి. కాయితం కదా." ఆమె ఒక పిక్క తీసి పక్కన పడేసింది. "మా అయ్య ముఖలింగం రేవులో పడవేసినోడు. వంశధారలో ఏది తేల్తాదో ఏది మునుగుతాదో నాకు సిన్నప్పట్నించి తెలుసు. పడవకి మేకులుంటే పర్వానేదు. మేకుల్తోనే పడవ సేస్తే ఏటవుతాది?"

"ఇదీ వరస" అన్నాడు గంగులు. "పెళ్ళయిన కాడ్నించి ఇదే. యుద్ధం నమ్ముతాది. కాలి మీద మచ్చ నమ్ముతాది. పింఛను మరీ నమ్ముతాది. తేలిందంటే మాత్రం మొకం తిప్పీసుకుంటాది."

"పైగా ఈయనకి ఈత రాదు" అంది కూర్మమ్మ. "ఈత రానోణ్ణి ఎవుడు దింపుతాడు నదిలోకి?"

గంగులు జగన్నాధం వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"నాకు అరవై ఎనిమిది దాటినాయి బాబూ. నాతోటి ఆ బండిలో ఉన్న ఇద్దరూ నేరిప్పుడు. నేనూ ఎల్లిపోతే ఇది అబద్దమనే ఉండిపోతాది. దీనికి ఒక్కపాలి సూపించాల. గట్టు మీద నిలబడి ముందెల్లిన బండ్లని సూసినాను నేను. నీటి పైకి జానెడున్నర కనిపించీది. అంతే. తేల్తా ఎల్నాయి."

"మీ బండి నేను కట్టి తెస్తాను" అన్నాడు జగన్నాధం. నోటుబుక్కులో గీత గీసిన ఒక్కటి తప్ప నలభై జవాబులూ పూర్తయ్యాయి. తేలడం, జానెడున్నర, కూర్మమ్మ అపనమ్మకం అనే మూడింటినీ ఆఖరి పేజీలో 'ఇతరములు' అన్న శీర్షిక కింద రాసుకున్నాడు.

తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలల్లో జగన్నాధం చూపించిన నిష్ఠను వర్ణించడానికి ఈ కాగితం చాలదు గనక రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. ఫిరంగి మూతి చీలికల మీద మూడు వారాలు గడిపి, చివరికి మనవాళ్ళ బండి ఫొటో ఒకటి సంపాదించి, అంతకుముందు చేసిన గొట్టాన్ని తీసి పారేశాడు. ముందుపలకకు గడియారం మరలతో కీలు పెట్టి నిజంగానే లేచేటట్టు చేశాడు. ఎత్తేది ఎవరని ధనలక్ష్మి అడిగితే, "ఎత్తకపోయినా లేవాల. చరిత్రలో లేచింది" అన్నాడు.

మిగిలింది బరువు.

సాలూరువాడికి బండి అంటే బరువు. బాడీ కట్టే మేస్త్రీ అయినా, ఘాట్ రోడ్డు ఎక్కే డ్రైవరైనా ముందు అడిగేది అదే. నిజం బండి పద్నాలుగు టన్నులు గనక, ముప్పై అయిదో వంతు బొమ్మ బరువు కూడా అందులో ముప్పై అయిదో వంతే ఉండాలని జగన్నాధం లెక్క వేశాడు. నాలుగువందల కిలోలు తేలింది. చరిత్ర నాలుగువందల కిలోలు అడిగింది గాని బీరువా అరలు ఒప్పుకోలేదు. రాజీ తప్పలేదు. టైర్లు బ్యాలన్సు చేసేటప్పుడు చక్రాలకు కొట్టే సీసం బిళ్ళలు షాపులో ఉన్నాయి కదా, అవి పట్టినన్ని ట్యాంకు కడుపులో నింపి పైన టంకం పెట్టాడు. జానెడు కూడా లేని బొమ్మ రెండు కిలోల రెండువందల గ్రాములు తూగింది. చేతిలోకి తీసుకున్నవాడల్లా "అబ్బో" అనేవాడు. ఆ 'అబ్బో' కోసమే ఆ సీసం.

ఫిబ్రవరిలో ధనలక్ష్మి మేడ మీద వడియాలు పెట్టినప్పుడు, గాలికి గుడ్డ లేవకుండా నాలుగో మూల ఆ ట్యాంకును పెట్టింది. జగన్నాధం మేడెక్కి చూసి కాసేపు నిలబడ్డాడు.

"ఏటిది?"

"మూడు రాళ్ళే దొరికాయండి" అంది ఆమె. "ఇది రాయి కన్నా బాగా ఆగింది."

నొచ్చుకోవాలో గర్వపడాలో తెలియక ఆయన కిందికి దిగిపోయాడు. మెట్ల మీద గర్వమే గెలిచింది.

మార్చిలో ట్యాంకును చెక్కపెట్టెలో జూటు పీచు మధ్య పడుకోబెట్టి నెల్లిమర్ల తీసుకెళ్ళాడు. గంగులు పెట్టె మూత తీసి పీచు పక్కకు తప్పించాడు. తర్వాత చూపుడు వేలు డ్రైవరు మూత మీద పెట్టి, "ఇక్కడే" అన్నాడు. జగన్నాధం ఎదురుచూసిన మాట అదే. నోటుబుక్కు తీసి నలభై ఒక్క వివరాలూ వరసగా చదవడం మొదలుపెట్టాడు. ఏడో వివరం దగ్గర కూర్మమ్మ అడ్డుపడింది.

"తేల్తాదా?"

"ఇది చూడ్డానికమ్మా."

"సూడ్డానికే అడుగుతన్నాను."

జగన్నాధం నోటుబుక్కు మూశాడు. ఆయన తర్కానికి లోటు లేదు. నిజం బండి తేలింది. ఇది అచ్చం నిజం బండే. కాబట్టి ఇదీ తేలుతుంది. "పదండి" అన్నాడు.

పెరట్లో సిమెంటు గోలెం నిండా నీళ్ళున్నాయి. కూర్మమ్మ అందులో తేలుతున్న ఆకుపచ్చ మగ్గును పక్కకు నెట్టి చోటు చేసింది. గంగులు ముందుపలకను గోటితో పైకి లేపాడు. కీలు ఆడింది. చూశారా అన్నట్టు జగన్నాధం ఇద్దరి వైపూ చూసి, ట్యాంకును రెండు చేతులతో నీటి మీద పెట్టి వదిలాడు.

అది మునిగింది. ఊగలేదు, ఒరగలేదు, ఎటు వెళ్ళాలా అని ఆలోచించలేదు. ఇంత హుందాగా మునిగిన ట్యాంకు సైనిక చరిత్రలో ఇంకొకటి ఉండకపోవచ్చు. అడుగు నుంచి, చక్రాల ఇరుసులు దూర్చిన కన్నాల్లోంచి, బుడగలు వరసగా పైకి వచ్చాయి.

కూర్మమ్మ ఏదైనా అంటుందని ఇద్దరు మగవాళ్ళూ ఎదురుచూశారు. ఆమె జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని, గోలెంలో భుజం దాకా చెయ్యి పెట్టి, ట్యాంకును బయటికి తీసి, కొంగుతో తుడిచింది.

"మంచి బరువుంది నాయనా" అని జగన్నాధం చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

గంగులు గోలెం అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు. "అప్పుడు తేలింది బాబూ" అన్నాడు. మళ్ళీ, "ఇరుసుల కాడ గ్రీజు పెట్టాల" అన్నాడు.

సాలూరు చేరేదాకా జగన్నాధం ఒక్క బండి చక్రాలు కూడా లెక్కపెట్టలేదు. ధనలక్ష్మి కాఫీ ఇచ్చి, మొహం చూసి, విషయం మొత్తం విని, ఒక్క ప్రశ్న అడిగింది.

"బరువు ఎలా కట్టారు?"

"పద్నాలుగు టన్నుల్ని ముప్పై అయిదుతో భాగించాను. నాలుగువందల కిలోలొచ్చింది. అంత పెట్టలేక రెండుంపావుతో సరిపెట్టాను. తక్కువైంది."

ధనలక్ష్మి ఎదురుగా కూర్చుంది. తొమ్మిదో తరగతి ముందు నిలబడినప్పటి మొహం పెట్టింది.

"అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న పెట్టె ఒకటి ఉంది. దాన్నిండా బియ్యం పోశాం. సరేనా?"

"సరే."

"పొడుగూ వెడల్పూ ఎత్తూ అన్నీ సగం చేసి ఇంకో పెట్టె చేశాం. పెద్ద పెట్టెలో బియ్యం దాన్లో ఎంత పడతాది? సగమా?"

జగన్నాధం గాలిలో పెట్టెలు పేర్చుకున్నాడు. కింద నాలుగు, పైన నాలుగు. "ఎనిమిదో వంతు."

"ఎందుకు?"

"మూడు పక్కలా తగ్గింది కదా."

"మరి మీ ట్యాంకు ఎన్ని పక్కల తగ్గింది?"

కాఫీ చల్లారిపోయింది. ధనలక్ష్మి పరీక్ష పేపరు వెనక వైపు లెక్క చేసింది. పద్నాలుగువేల కిలోలను ముప్పై అయిదుతో ఒకసారి భాగిస్తే నాలుగువందలు. రెండోసారి భాగిస్తే పదకొండున్నరకు కొంచెం తక్కువ. మూడోసారి భాగిస్తే మూడువందల ఇరవై ఏడు గ్రాములు.

"తక్కువ కాదు. ఉండాల్సినదానికి దాదాపు ఏడు రెట్లుంది" అంది. "ఈ తూకం పెట్టండి. తేలడమే కాదు, నిజం బండి ఏ గుర్తు దాకా మునిగిందో ఇదీ సరిగ్గా ఆ గుర్తు దాకానే మునుగుతాది."

"ముందే సెప్పలేదేం?"

"మీరు అడగలేదు. నాకు వడియాల దగ్గర పనికొచ్చింది."

పంతొమ్మిది ట్యాంకుల నిర్మాతకు, క్యాలెండరు విజేతకు, ఆ పరీక్ష పేపరు మీద సున్నా మార్కులు పడ్డాయి. అయితే జగన్నాధం కుంగిపోయే రకం కాదు. తప్పు ఎవరిదైనా సరిదిద్దడమే ఆయన వృత్తి. ఈసారి తనది, అంతే తేడా. మర్నాడు పొద్దున్నే ట్యాంకు కడుపు కోసి సీసమంతా తీసేశాడు. పక్క వీధి నగల షాపులో బంగారం తూచే త్రాసు మీద ఖాళీ ట్యాంకును పెట్టించాడు. రెండువందల తొంభై గ్రాములు. ఇంకా ముప్పై ఏడు కావాలి. ఆ బండికి ఇంజను వెనక ఉంటుంది గనక ఆ సీసం వెనక్కి పెట్టి మళ్ళీ టంకం వేశాడు. త్రాసు మూడువందల ఇరవై ఏడు చూపించింది. నగల షాపు యజమాని, తూచేది ఏమిటో అడగకుండానే, "పద్నాలుగు టన్నులేటి బావా?" అన్నాడు. ఊరంతటికీ తెలిసిపోయిందన్నమాట.

ఆదివారం ఇద్దరూ నెల్లిమర్ల వెళ్ళారు. ధనలక్ష్మి చేతిసంచిలో స్కేలు, జగన్నాధం జేబులో గ్రీజు డబ్బా. పెట్టె తెరవగానే గంగులు ట్యాంకును అందుకుని ఒక్కసారి ఎగరేసినట్టు తూచి చూశాడు.

"తేలికైపోయిందేటి?"

"ఇదే అసలు బరువు మావా" అన్నాడు జగన్నాధం. మొదటిసారి 'మావా' అన్నాడు.

గంగులు గోలెం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. గ్రీజు వేలికి తీసుకుని ఒక్కొక్క ఇరుసు దగ్గరా కూరాడు. పన్నెండుసార్లు. ముందుపలక ఎత్తాడు. డ్రైవరు మూత నొక్కి చూశాడు. ఈ పనులు ఏ వరసలో చెయ్యాలో ఎవరూ ఆయనకు చెప్పలేదు.

కూర్మమ్మ పిలవకుండానే వచ్చి నిలబడింది. "మళ్ళీ ముంచుతావేటి నాయనా?"

"నేను కాదమ్మా. డ్రైవరుగారు" అన్నాడు జగన్నాధం.

గంగులు ట్యాంకును నీటి మీద పెట్టాడు గాని చేతులు వెంటనే తియ్యలేదు. తర్వాత ఒక్కొక్క వేలే తీశాడు.

ట్యాంకు కొంచెం ముందుకు ఊగింది. వెనక్కి ఊగింది. నిలబడింది.

ధనలక్ష్మి వంగి స్కేలు పెట్టింది. నీటికి పైన ఒక సెంటీమీటరు. "ముప్పై అయిదు రెట్లు వెయ్యండి" అంది. ముప్పై అయిదు సెంటీమీటర్లు. జగన్నాధం నోటుబుక్కు ఆఖరి పేజీ తీసి, 'ఇతరములు' కింద వేలు పెట్టి, తన చేత్తో గాలిలో కొలిచి చూపించాడు. జానెడున్నర. నలభై ఒక్క వివరాల్లో దేన్నీ ఇలా రుజువు చెయ్యడం వీలుకాలేదు. రుజువైంది ఈ ఒక్కటే.

కూర్మమ్మకు స్కేలుతో పని లేదు. పడవవాడి కూతురు. మోకాళ్ళ మీద కూర్చుని, అంచునీ నీటినీ పక్కనుంచి చూసింది. వేలితో ట్యాంకు వెనక భాగాన్ని కొంచెం అణిచి వదిలింది. లేచింది. ఒక పక్క అణిచి వదిలింది. అటూ లేచింది. నలభై ఏళ్ళ వాదం ఆమె వేలి కింద రెండుసార్లు మునిగి రెండుసార్లు పైకి వచ్చింది.

"మనుసుల్ని ఎక్కించొచ్చు" అంది చివరికి. "ముగ్గురయితే సాలు. నలుగురొద్దు."

"ముగ్గురమే" అన్నాడు గంగులు. "మేం ముగ్గురమే."

ఆమె తలూపింది. మొగుడి వైపు చూడలేదు గాని, కొంగు తీసి ఆయన వేళ్ళకున్న గ్రీజు తుడవడం మొదలుపెట్టింది. ఆయన చేతులు ఇచ్చేసి, ట్యాంకు వైపే చూస్తూ కూర్చున్నాడు. జగన్నాధం ఇంకేమీ రాసుకోలేదు. నలుగురూ ఆ గోలెం చుట్టూ, ఒక నది ఒడ్డున నిలబడ్డట్టు, కదలకుండా ఉన్నారు. గాలి వీచినప్పుడు పద్నాలుగు టన్నుల యుద్ధ ట్యాంకు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు మెల్లగా వచ్చింది.

దాని వెనకే ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు కూడా వచ్చింది.